గుడి, చర్చి, మసీదు కలిసి క్యాన్సర్ పరీక్షలు పెట్టాలనుకుంటున్నాం: ఎక్కడ మొదలుపెట్టాలి?

వాగుగడ్డ (ప్రశ్న)

అందరికీ నమస్తే. ములుగు జిల్లాలో ఏటూరునాగారం, మంగపేట నడుమ ఉన్న 6 ఊళ్ల కోసం అడుగుతున్నాను. 30 దాటిన ఆడవాళ్లు 400 మంది దాకా ఉంటారు. పీహెచ్‌సీ 18 కిలోమీటర్ల దూరం. ఆశా అక్కలు ఇల్లిల్లూ తిరిగి బీపీ, షుగర్ చూస్తున్నారు. గర్భసంచి ముఖద్వారం పరీక్ష అనేసరికి మాత్రం ఎవరూ గడప దాటడం లేదు. అదే ఆడవాళ్లు ఆదివారం చర్చికి, శనివారం భజనకు తప్పకుండా వస్తారు. అందుకే చర్చి స్త్రీల సమాజం, రామాలయం కమిటీ, మసీదు పెద్దలు కూర్చుని మాట్లాడుకున్నారు. కలిసి చేద్దామన్నారు. పీహెచ్‌సీ డాక్టరమ్మ ఒక స్టాఫ్ నర్సును పంపిస్తానన్నది.

మేము అనుకున్నది ఇది: జనవరిలో ఒక ఆదివారం ఆరాధన అయిపోగానే చర్చి హాల్లోనే తెరలు కట్టి, ఒక్క రోజులో 200 మందికి గర్భసంచి, రొమ్ము, నోరు మూడూ చూపించడం. ఇందులో తప్పేమైనా ఉందా? పాస్టర్ గారు, పూజారి గారు, ఇమామ్ సాబ్ ఏం చెప్పాలి, ఏం చెప్పకూడదు? మగవాళ్ల గుట్కా, తంబాకు సంగతి కూడా ఇందులో కలపొచ్చా? తెలిసినవాళ్లు వివరంగా రాయండి. మాకు మళ్లీ మళ్లీ చేసేంత శక్తి లేదు.

---

ఓరుగల్లు సిస్టర్

మీ ముగ్గురు పెద్దలు ఒక మాట మీదికి రావడమే పెద్ద పని. ఇక లెక్కలోకి వద్దాం. 200 అన్న అంకె ముందు కొట్టేయండి.

ఒక్కొక్కరికి వివరాలు అడగడం, భయం తీర్చడం, పరీక్ష, ఫలితం చెప్పడం అన్నీ కలిపి 10 నుంచి 12 నిమిషాలు పడుతుంది. ఒక నర్సు పొద్దున 9 నుంచి సాయంత్రం దాకా చేస్తే 25 నుంచి 30 మంది. అంతకు మించి బయట వరుస కడితే నర్సు తొందరపడుతుంది. తొందరలో మొట్టమొదట పోయేది ఆ ఒక్క నిమిషం. ఈ పరీక్షను వీఐఏ అంటారు. 5 శాతం ఎసిటిక్ యాసిడ్ నీళ్లను దూదితో ముఖద్వారానికి అద్ది, గడియారం చూసుకుంటూ నిండా 1 నిమిషం ఆగి, అప్పుడు తెల్లమచ్చ ఉందా అని చూడాలి. 20 సెకన్లకే చూసి బాగుందని పంపిస్తే పరీక్ష చేయనట్టే. చేయనట్టు కాదు, ఇంకా చెడ్డది, ఎందుకంటే ఆమె ధైర్యంగా ఇంటికి వెళ్లి మళ్లీ రాదు.

యాసిడ్ నీళ్లు ఏ రోజుకారోజు కలపాలి. గ్లేషియల్ ఎసిటిక్ యాసిడ్ 5 మిల్లీలీటర్లు, డిస్టిల్డ్ నీళ్లు 95 మిల్లీలీటర్లు. ముందు నీళ్లు పోసి అందులో యాసిడ్ కలపాలి. శిబిరాల్లో జరిగే అన్నిటికంటే ప్రమాదకరమైన పొరపాటు, కలపని యాసిడ్ సీసా కలిపిన సీసా పక్కనే ఉండడం. చిక్కటి యాసిడ్ తగిలితే లోపల కాలిపోతుంది. కలిపాక అసలు సీసాను ఆ గదిలోంచే తీసేయండి. కలిపిన సీసా మీద తేదీ, శాతం రాసి అంటించండి. కిరాణా దుకాణం వెనిగర్ జోలికి వెళ్లొద్దు.

వెలుతురు గురించి ఎవరూ ఆలోచించరు. పసుపు బల్బు కింద తెల్లమచ్చ తెల్లగా కనిపించదు. తెల్లటి ఎల్‌ఈడీ లైటు, దానికి ఛార్జింగ్ ఉన్న ఇంకొకటి తోడు ఉండాలి. మీ వైపు కరెంటు సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు.

స్పెక్యులమ్‌లు (లోపల చూడటానికి పెట్టే పరికరాలు) 30 మందికి 30 ఉండాలి, లేదా మధ్యాహ్నం ఆటోక్లేవ్ చేసే (ఒత్తిడి ఆవిరితో క్రిములు చంపే) ఏర్పాటు ఉండాలి. వాడినవాటిని 0.5 శాతం క్లోరిన్ నీళ్లలో 10 నిమిషాలు నానబెట్టాలి. లీటరు నీళ్లకు బ్లీచింగ్ పౌడర్ 3 టీస్పూన్లు, అంటే 15 గ్రాములు. ఎక్కువసేపు ఉంచితే ఇనుము తుప్పు పడుతుంది. తర్వాత సబ్బుతో కడిగి, ఆరబెట్టి, ఆటోక్లేవ్. మూత తీసి నెలలైన పంచాయతీ బ్లీచింగ్ సంచిలో బలం ఉండదు, కొత్త ప్యాకెట్ తీసుకోండి.

ఆదివారం వద్దనే చెబుతాను. ఆ రోజు పిల్లలు, మగవాళ్లు, చుట్టాలు అందరూ అక్కడే ఉంటారు. తెర వెనక్కి ఎవరు వెళ్లారో ఊరంతా చూస్తుంది. ఆదివారం, శనివారం పేర్లు రాసుకోవడానికి వాడుకోండి. పరీక్ష మాత్రం మీకు దగ్గర్లోని పల్లె దవాఖానలో పెట్టండి. అక్కడైతే మంచం, మరుగుదొడ్డి, నీళ్లు ఉంటాయి. పరీక్షకు ముందు మూత్రానికి వెళ్లి రావాలి కాబట్టి మరుగుదొడ్డి లేని హాలు పనికిరాదు. 2023 మార్చి 8న మొదలైన ఆరోగ్య మహిళ కార్యక్రమంలో ఆడవాళ్ల పరీక్షలకు మంగళవారం పెట్టారు. మీ పీహెచ్‌సీలో ఇప్పుడు ఏ రోజు నడుస్తున్నదో డాక్టరమ్మను అడిగి అదే రోజుకు కలపండి.

ఎవరికి చేయకూడదో పేర్లు రాసేటప్పుడే అడగాలి. నెలసరిలో ఉన్నవాళ్లు, గర్భిణులు, కాన్పై 3 నెలలు దాటనివాళ్లు తర్వాత రావాలి. గర్భసంచి తీసేయించుకున్నారా అని తప్పకుండా అడగండి. దేశంలో ఈ ఆపరేషన్లు ఎక్కువగా జరిగే రాష్ట్రాల్లో మనది ఒకటి. ముట్లు ఆగిపోయిన పెద్దవాళ్లలో చూడాల్సిన భాగం లోపలికి జరిగిపోతుంది, కంటికి అందదు. వాళ్లకు వీఐఏలో ఏమీ లేదని వచ్చినా నమ్మడానికి లేదు. వాళ్లకు హెచ్‌పీవీ పరీక్ష (ఈ క్యాన్సర్ తెచ్చే వైరస్ ఉందా అని చూసేది) గానీ పాప్ స్మియర్ (ముఖద్వారం కణాలు తీసి చూసేది) గానీ కావాలి. ఇక ముట్లు ఆగాక మళ్లీ రక్తం కనిపించినవాళ్లు, కలయిక తర్వాత రక్తం వచ్చేవాళ్లు, దుర్వాసనతో తెల్లబట్ట అయ్యేవాళ్లు శిబిరం కోసం ఎదురుచూడొద్దు. నేరుగా ఆడవాళ్ల డాక్టరు దగ్గరికి పంపండి.

ఈ పరీక్షకు బలం ఉందా అని కమిటీలో ఎవరైనా అడిగితే ఇది చెప్పండి: ముంబయి మురికివాడల్లో టాటా మెమోరియల్ వాళ్లు పదో తరగతి చదివిన ఆడవాళ్లకు తర్ఫీదు ఇచ్చి ఇదే పరీక్ష 2 ఏళ్లకోసారి చేయించారు. ముఖద్వారం క్యాన్సర్ చావులు 31 శాతం తగ్గాయి. 2014లో ఆ లెక్కలు అచ్చయ్యాయి. ప్రభుత్వ పద్ధతి ప్రకారం మన దగ్గర 30 నుంచి 65 ఏళ్ల వారికి 5 ఏళ్లకోసారి.

జనవరి కూడా ఆలోచించుకోండి. మీది మిర్చి నేల. జనవరి నుంచి మార్చి దాకా కాయ ఏరే కూలి వదులుకుని ఎవరొస్తారు? ఏప్రిల్, మేలో తునికాకు. నాట్లు అయిపోయి, పత్తి ఏరడం మొదలుకాకముందు దొరికే వారాలు మేలు, వాగులు పొంగని రోజు చూసుకుని.

---

సంఘసేవ, హన్మకొండ

సిస్టర్ చెప్పినదానికి నాది తోక లాంటిది, కానీ మత పెద్దల విషయంలోనే ఎక్కువ శిబిరాలు చెడిపోతాయి.

పాస్టర్ గారు, పూజారి గారు, ఇమామ్ సాబ్ చేయాల్సింది 2 నిమిషాల ప్రకటన. జబ్బు గురించి ప్రసంగం కాదు. జబ్బు గురించి ఏఎన్‌ఎం (ఊరి ప్రభుత్వ నర్సు) చెబుతుంది, అదీ ఆడవాళ్లు మాత్రమే ఉన్నప్పుడు. ప్రకటన దాదాపు ఇట్లా ఉంటే చాలు: "30 దాటిన అక్కాచెల్లెళ్లందరికీ వచ్చే మంగళవారం పల్లె దవాఖానలో పరీక్ష ఉంది. చూసేది ఆడ నర్సే. నొప్పి ఉండదు, కొంచెం మంట అనిపించొచ్చు. జబ్బు రాకముందే కనిపెట్టే పరీక్ష ఇది. మా ఇంటి ఆడవాళ్లు కూడా వెళ్తున్నారు." ఆ చివరి వాక్యం నిజం అయినప్పుడే చెప్పాలి. పాస్టరమ్మ, పూజారి గారి భార్య, మసీదు పెద్ద ఇంటి ఆడవాళ్లు మొదటి రోజు మొదటి వరుసలో ఉంటే మిగతావాళ్లు వస్తారు. వాళ్లు రాకపోతే మైకులో ఎంత చెప్పినా రారు.

చెప్పకూడనిది ఒక్కటుంది, అది చాలా ముఖ్యం. ముఖద్వారం క్యాన్సర్‌కు కారణం హెచ్‌పీవీ అనే వైరస్, అది కలయిక ద్వారా వస్తుంది. ఈ మాట సగం విన్నవాళ్లు "తప్పు చేసినవాళ్లకే వస్తుంది" అని బోధిస్తారు. అది అబద్ధం. పెళ్లయిన ఆడవాళ్లలో చాలామందికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఈ వైరస్ తగులుతుంది. ఎక్కువమందికి ఏడాది రెండేళ్లలో దానంతటదే పోతుంది. భర్త ద్వారా ఎప్పుడో సోకినది 15, 20 ఏళ్ల తర్వాత మచ్చగా బయటపడొచ్చు. వేదిక మీద పాపం అన్న మాట వచ్చిందంటే ఆ ఊళ్లో ఇక ఏ ఆడమనిషీ పరీక్షకు రాదు, వచ్చి మచ్చ తేలినామె ఇంట్లో దెబ్బలు తింటుంది.

ప్రార్థన మనవుల విషయంలో జాగ్రత్త. "ఫలానా అక్కకు మచ్చ వచ్చింది, ప్రార్థన చేయండి" అని ప్రేమతోనే చెబుతారు, అదే ఆమె పరువు తీస్తుంది. పేరు చెప్పకుండా "పరీక్షకు వెళ్లినవాళ్లందరి కోసం" అని చేయొచ్చు. సంఘం రిజిస్టరులో ఎవరి ఫలితమూ రాయొద్దు. ఫలితం ఉన్నది నర్సు దగ్గర, ఆశా అక్క దగ్గర, ఆ మనిషి దగ్గర, అంతే. ఇంకో చిన్న సంగతి: మచ్చ ఉన్నవాళ్లకు మాత్రమే చీటీ ఇస్తే ఆ చీటీయే ఊరికి చెప్పేస్తుంది. ఏమీ లేనివాళ్లకూ, ఉన్నవాళ్లకూ ఒకే రంగు కవరు, ఒకే మందం.

నూనె రాయడం, ఉపవాస ప్రార్థన, మొక్కులు, తాయెత్తులు ఉంటాయి. వాటిని మానమని మీరు చెబితే గొడవ, మనుషులు దూరమవుతారు. మందు ఆపకుండా అవి చేసుకొమ్మని పెద్దలతోనే చెప్పించండి. కీమో నడుస్తున్నప్పుడు ఉపవాసం ఉంటే ఒంట్లో బలం పోతుంది, కాబట్టి ఆ రోజుల్లో ఉపవాసం నుంచి మినహాయింపు ఉందని పెద్దలే నోటితో చెప్పాలి. రంజాన్‌లో రోగికి రోజా మినహాయింపు ఉన్న సంగతి ఇమామ్ సాబ్‌కు బాగా తెలుసు, ఆయన చెబితే ఆడవాళ్లు ధైర్యంగా పాటిస్తారు. "మందు లేకుండానే బాగైంది" అన్న సాక్ష్యానికి మైకు ఇచ్చేముందు పెద్దలు ఒకసారి పక్కకు పిలిచి మాట్లాడాలి. విన్నవాళ్లలో ఒక్కరు రేడియేషన్ మధ్యలో ఆపినా ప్రాణం పోతుంది.

పరీక్ష పల్లె దవాఖానలో పెట్టమని సిస్టర్ చెప్పినదానికి ఇంకో కారణం కూడా ఉంది. చర్చి హాల్లో పెడితే మత మార్పిడి అంటారు, గుడి మండపంలో పెడితే ఇంకోవాళ్లు రారు. ప్రకటన మూడు చోట్ల, పరీక్ష ఎవరిదీ కాని చోట. బల్ల మీద ఏ మతం కరపత్రమూ ఉండకూడదు. పంచాయతీకి, జిల్లా వైద్యాధికారికి ముందే ఒక కాగితం ఇవ్వండి, ముగ్గురు పెద్దల సంతకాలతో. కోయగూడేల నుంచి వచ్చే ముసలవ్వలకు కోయభాషలో చెప్పే ఒక ఆశా అక్క ఉండాలి.

---

కోరుట్ల పళ్ల డాక్టరు

మగవాళ్ల గుట్కా సంగతి కలపొచ్చా అన్నారు. కలపాలి, కానీ వేరే రోజున. ఆడవాళ్ల పరీక్ష రోజు అక్కడ మగవాళ్లు తిరగకూడదు.

నోటి పరీక్షకు పెద్ద సామాను అక్కర్లేదు. తెల్లటి టార్చి, మనిషికో చెక్క పుల్ల, మనిషికో గ్లవ్స్ జత, నోరు పుక్కిలించడానికి నీళ్లు. కట్టుడు పళ్లు తీయించాలి. పెదాల లోపలి వైపు, రెండు బుగ్గలు, తంబాకు పెట్టుకునే చిగురు సందు, నాలుక పైన, నాలుక రెండు అంచులు, నాలుక కింద, అంగిలి, గొంతు మొదలు. ఇదే వరుసలో చూస్తే ఏదీ తప్పిపోదు. 2, 3 నిమిషాలు. ఎక్కువగా తప్పిపోయేది నాలుక అంచులు, నాలుక కింద. గుడ్డముక్కతో నాలుక కొస పట్టుకుని పక్కకు లాగి చూడాలి.

వెతకాల్సింది: తుడిస్తే పోని తెల్లమచ్చ, ఎర్రటి మచ్చ (ఇది తెల్లదానికంటే ప్రమాదం), 2 వారాలు దాటినా మానని పుండు, గడ్డ. ఇంకొకటి నోరు తెరుచుకోవడం. తన సొంత వేళ్లు 3 నిలువుగా పైపళ్లకూ కిందిపళ్లకూ మధ్య పట్టాలి. రెండే పడితే, కారం తగలగానే మంట అంటుంటే, బుగ్గ లోపల పాలిపోయి గట్టిగా తాళ్లలా తగిలితే అది వక్క వల్ల వచ్చే బిగుసు. ఇప్పుడు 20 ఏళ్ల కుర్రాళ్లలోనూ పాన్ మసాలా వల్ల కనిపిస్తున్నది. "తంబాకు లేని వక్కపొడే కదా" అంటారు. వక్క ఒంటరిగా కూడా క్యాన్సర్ కారకమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2004లోనే తేల్చింది. పూజలో తాంబూలం పెట్టడాన్ని ఎవరూ తప్పు పట్టక్కర్లేదు, రోజూ బుగ్గన పెట్టుకోవడమే చేటు. రామాలయం కమిటీ వాళ్లు పెళ్లిళ్లలో, దినాల్లో పళ్లెంలో గుట్కా, సిగరెట్లు పెట్టొద్దని ఒక తీర్మానం చేస్తే నాకు నూరు ఉపన్యాసాల కంటే ఎక్కువ.

సమయం తక్కువైతే తంబాకు, తాగుడు అలవాటున్నవాళ్లను ముందు చూడండి. కేరళలో తిరువనంతపురం దగ్గర నోటి పరీక్ష మీద జరిగిన పెద్ద అధ్యయనం 2005లో వచ్చింది. అలవాటున్నవాళ్లలో నోటి క్యాన్సర్ చావులు 34 శాతం తగ్గాయి. ఆశా అక్క ఇంటింటికీ తిరిగి నింపే సీబ్యాక్ ఫారంలో (జబ్బు ముప్పు లెక్కగట్టే కాగితం) ఈ అలవాట్ల ప్రశ్నలుంటాయి. మార్కులు 4 దాటినవాళ్ల జాబితా ఆమె దగ్గరే తయారుగా ఉంటుంది.

ఇక మాన్పించడం. ఇక్కడ మతం చేసేంత మేలు డాక్టరు చేయలేడని గట్టిగా నమ్ముతాను. అయ్యప్ప మాల 41 రోజులు. నికోటిన్ లేని బాధ మొదటి 3 రోజులు అన్నిటికంటే ఎక్కువ, చిరాకు, నిద్ర పట్టకపోవడం, తలనొప్పి. 2 నుంచి 4 వారాల్లో సద్దుమణుగుతుంది. అంటే మాల తీసేనాటికి ఒంటికి తంబాకు అక్కర్లేదు. మిగిలింది చాయ్ తాగాక చెయ్యి జేబులోకి వెళ్లే అలవాటు, పాత దోస్తులు. అయినా చాలామంది ఇరుముడి దించి ఇల్లు చేరిన రోజే మళ్లీ మొదలుపెడతారు. కారణం, 41 రోజులకే మొక్కుకున్నారు. గురుస్వామి చేయాల్సిన పని ఇక్కడ ఉంది. మాల తీసే రోజున జీవితాంతం మానేస్తానని ఒట్టు వేయించుకోవద్దు, నిలబడదు. ఇంకో వారం అని అడగాలి. ఆ వారం కాగానే ఇంకో వారం. 1 నెల, 3 నెలలు, 6 నెలలకు ఫోన్ చేయాలి. ఒకసారి జారినవాణ్ని అందరి ముందు తిడితే రెండోసారి మాల వేసుకోడు.

కొండగట్టు హనుమాన్ దీక్షకూ ఇదే. క్రైస్తవుల శ్రమకాలం 40 రోజులకూ ఇదే. రంజాన్‌లో సహర్ నుంచి ఇఫ్తార్ దాకా తంబాకు ముట్టరు, ముప్పు ఇఫ్తార్ తర్వాతి గంటలో ఉంటుంది. రాత్రి తరావీహ్ నమాజు అయ్యాక మసీదు బయట ఎవరైనా తోడు కూర్చుంటే ఆ గంట గడిచిపోతుంది. నికోటిన్ గమ్ 2 మిల్లీగ్రాములది మందుల దుకాణంలో దొరుకుతుంది. చూయింగ్ గమ్‌లా నమలకూడదు. ఘాటు రాగానే బుగ్గలో పక్కకు పెట్టి, ఘాటు తగ్గాక మళ్లీ నాలుగుసార్లు నమలాలి, అరగంట దాకా. వేసుకునే ముందు పావుగంట ఏమీ తాగొద్దు. గబగబా నమిలి మింగితే వెక్కిళ్లు, కడుపులో మంట, "ఇది పనిచేయదు" అని పారేస్తారు. రోజాలో పగలు గమ్ కుదరదు, ఒంటికి అంటించే నికోటిన్ ప్యాచ్ కుదురుతుందా అన్నది ముందే ఇమామ్ సాబ్‌ను అడిగి పెట్టుకోండి. ఉచిత సలహాకు క్విట్‌లైన్ 1800 11 2356.

జగిత్యాల, మెట్‌పల్లి, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు ఎవరైనా ఇది చదువుతుంటే: బీడీలు చేసే అక్కలకు తంబాకు అలవాటు పని నుంచే వస్తుంది, చేటలోంచి చిటికెడు నోట్లోకి. వాళ్లను మగవాళ్ల జాబితాతో పాటే చూడండి, మర్చిపోవద్దు.

---

వాగుగడ్డ

చాలా కృతజ్ఞతలు. మంగళవారం, పల్లె దవాఖాన, 30 మంది: ఇవి ముగ్గురు పెద్దలూ ఒప్పుకున్నారు. ఇంకొక్క సందేహం. మా చర్చి పక్కనే ఆడపిల్లల హాస్టల్ ఉంది. ఒక దాత హెచ్‌పీవీ టీకా ఖర్చు పెట్టుకుంటానంటున్నారు. వార్డెన్ మేడం సంతకం పెడతానన్నది. చేయొచ్చా?

---

టీకాల లెక్క

వార్డెన్ సంతకంతో వద్దు. ఎట్టి పరిస్థితిలోనూ వద్దు.

ఇదే గోదావరి పక్కన ఖమ్మం జిల్లాలో 2009లో పాథ్ అనే సంస్థ ఇదే టీకాను సుమారు 14 వేల మంది ఆడపిల్లలకు వేయించింది. అందులో ఆశ్రమ హాస్టళ్ల గిరిజన పిల్లలు చాలామంది. తల్లిదండ్రుల బదులు వార్డెన్లు సంతకాలు పెట్టారు. కొందరు పిల్లలు చనిపోయారు. విచారణలో ఆ చావులకు టీకా కారణం కాదని తేలింది, కానీ అనుమతి తీసుకున్న తీరు తప్పని కూడా తేలింది. 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. 2013లో పార్లమెంటు కమిటీ తీవ్రంగా తప్పుబట్టింది. ఆ భయం మన ఏజెన్సీలో ఇంకా ఉంది. దాన్ని మళ్లీ లేపితే టీకాతో పాటు మీ వీఐఏ కూడా ఆగిపోతుంది.

అప్పుడు టీకాలు ఆపడంతో దేశంలో నడుస్తున్న ఇంకో అధ్యయనం కూడా మధ్యలో ఆగింది. 2, 3 డోసులు తీసుకోవాల్సిన వేలమంది పిల్లలు ఒక్క డోసుతో మిగిలారు. వాళ్లను 10 ఏళ్లు గమనిస్తే ఒక్క డోసు కూడా దాదాపు అంతే కాపాడుతున్నదని తేలింది. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ 9 నుంచి 20 ఏళ్లవారికి ఒక్క డోసూ సరిపోతుందని చెప్పడానికి ఆధారమైన వాటిలో అదొకటి. మన దేశపు సీరమ్ సంస్థ చేసే హెచ్‌పీవీ టీకా సెర్వావ్యాక్ పెట్టె మీద మాత్రం 9 నుంచి 14 ఏళ్లకు 2 డోసులు, 6 నెలల ఎడంతో. 15 దాటితే 3 డోసులు. దాత డబ్బు ఎంతవరకు వస్తుందో లెక్క కట్టేముందు ఎన్ని డోసులో పీహెచ్‌సీ డాక్టరుతో తేల్చుకోండి. హెచ్‌ఐవీ ఉన్న పిల్లలకు ఒక్క డోసు చాలదు.

చేయాలంటే ఇట్లా చేయండి. టీకా వేసేది ప్రభుత్వ సిబ్బందే, వాళ్ల చల్లపెట్టెలోంచే (2 నుంచి 8 డిగ్రీలు). దాత సూది తెప్పించి హాల్లో వేయించడం కాదు. పిల్లలు సెలవులకు ఇళ్లకు వెళ్లినప్పుడు అమ్మానాన్నల్లో ఒకరికి ఎదురుగా కూర్చుని, వాళ్ల భాషలో చెప్పి, వేలిముద్ర అయినా వాళ్లదే తీసుకోవాలి. వద్దంటే ఆ మాటకు మర్యాద ఇవ్వాలి, ఆ పిల్లను హాస్టల్లో వేరుగా చూడకూడదు. పిల్లను కూడా అడగాలి. టీకా రోజు జ్వరం ఉంటే వాయిదా. తిని రావాలి. వేశాక 15 నిమిషాలు కూర్చోబెట్టాలి. ఈ వయసు పిల్లలు సూది చూసే కళ్లు తిరిగి పడిపోతారు, ఒకరు పడితే వరుసలో నలుగురు పడతారు, ఊళ్లో పుకారు అక్కడే పుడుతుంది. అందుకే వరుస ఒకరికొకరు కనిపించకుండా పెట్టండి.

టీకా వేసుకున్న పిల్ల కూడా 30 ఏళ్లకు పరీక్ష చేయించుకోవాలి. ఇది కార్డు మీదే రాయించండి.

---

దవాఖాన తోడు

ఇప్పటిదాకా అందరూ పరీక్ష రోజు గురించి రాశారు. నా దృష్టిలో మీ ముగ్గురు పెద్దల అసలు పని పరీక్ష మర్నాడు మొదలవుతుంది.

వీఐఏలో 100 మందికి 5 నుంచి 10 మందికి మచ్చ కనిపించొచ్చు. వాళ్లలో క్యాన్సర్ ఉన్నవాళ్లు బహు తక్కువ. ఎక్కువమందికి ఉన్నది ముందరి దశ, చికిత్స సులువు. 100 డిగ్రీల వేడి ప్రోబ్ (కడ్డీ) మచ్చ మీద 20 నుంచి 30 సెకన్లు పెడతారు, మత్తు అక్కర్లేదు. తర్వాత కొన్ని వారాలు నీళ్లలా తెల్లబట్ట అవుతుంది, నెల రోజులు భర్తకు దూరంగా ఉండాలి, ఏడాదికి మళ్లీ చూపించుకోవాలి. మచ్చ పెద్దదైతే వైరు లూప్‌తో ఆ భాగం వరకే తీస్తారు.

దీన్ని పెద్ద అక్షరాలతో రాసి గోడకు అంటించండి: మచ్చ అంటే గర్భసంచి తీసేయాలని కాదు. శిబిరంలో "పాజిటివ్" అన్న మాట విని భయంతో దారిలో ఏదో ప్రైవేటు దవాఖానకు వెళ్లి, 35 ఏళ్లకే గర్భసంచి, అండాశయాలు తీయించుకుని, ఎముకలు గుల్లబారి, అప్పుల్లో పడ్డ ఆడవాళ్లు మన పల్లెల్లో ఎందరో. అనవసర గర్భసంచి ఆపరేషన్ల మీద సుప్రీంకోర్టు 2023లో రాష్ట్రాలకు ఆదేశాలు ఇవ్వాల్సి వచ్చింది. ఇంకా ఘోరం ఏమిటంటే, లోపల నిజంగా క్యాన్సరే ఉంటే మామూలు గర్భసంచి ఆపరేషన్ దానికి చాలదు, తర్వాతి చికిత్స కూడా కష్టమవుతుంది. బయాప్సీ (ముక్క తీసి చేసే పరీక్ష) కాగితం చేతికి రాకుండా ఏ ఆపరేషనూ వద్దని పాస్టరమ్మ, భజన మండలి అక్కలు ఇంటికి వెళ్లి చెప్పాలి.

వరంగల్ ఎంజీఎం ప్రభుత్వ దవాఖానకు ఒక్కసారి వెళ్తే పని అయిపోదని ముందే చెప్పండి. మొదటిసారి చూసి ముక్క తీస్తారు. వారం, రెండు వారాలకు రిపోర్టు. మూడోసారి చికిత్స ఏమిటో చెబుతారు. మనుషులు ఎక్కువగా తప్పిపోయేది ఒకటికీ రెండుకూ మధ్య. రిపోర్టు తీసుకోవడానికి ఎవరూ వెళ్లరు, కాగితం అక్కడే ఉంటుంది. కాబట్టి మచ్చ ఉన్న ప్రతి మనిషికీ ఒక తోడు మనిషిని అదే రోజు పేరుతో పెట్టండి, ఆ మనిషి ఆడమనిషే అయితే మేలు. మహాలక్ష్మి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఇద్దరు ఆడవాళ్లకూ టికెట్టు డబ్బులుండవు, ఆధార్ చూపిస్తే చాలు. మీ ఉమ్మడి నిధి ఊరి నుంచి బస్సుదాకా ఆటోకు, ఒక పూట తిండికి, పోయిన కూలికి వాడండి. ఆరోగ్యశ్రీ 10 లక్షల దాకా ఉంది. ఆధార్, రేషన్ కార్డుల్లో పేరు, వయసు ఒకేలా ఉన్నాయో లేదో ఊళ్లోనే చూసుకోవాలి, అక్కడ కౌంటర్ దగ్గర తేడా బయటపడితే ఆ రోజు పోయినట్టే.

క్యాన్సర్ అని తేలి రేడియేషన్ అంటే హైదరాబాద్ ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ దవాఖానకు వెళ్లాల్సి రావొచ్చు. వారానికి 5 రోజుల చొప్పున 5 వారాల పైన, తర్వాత లోపలి రేడియేషన్. నొప్పి తగ్గగానే, రక్తం ఆగగానే బాగైందనుకుని మూడో వారంలో ఇంటికి వచ్చేస్తారు. నాంపల్లి, రెడ్‌హిల్స్ చుట్టుపక్కల చర్చిలు, మసీదులు, సత్రాలు ఉన్నాయి. మీ పెద్దలు వాళ్ల పెద్దలతో మాట్లాడి నెలన్నర ఉండడానికి ఒక గది, ఒక గ్యాస్ పొయ్యి ఏర్పాటు చేస్తే ఆమె చికిత్స పూర్తవుతుంది. మాకు శక్తి లేదన్నారు కదా, శక్తి అంతా 400 మంది మీద పెట్టకుండా మచ్చ తేలిన ఈ కొద్దిమంది మీద పెట్టండి.

మేడారం జాతరలో శిబిరం పెడదామని ఎవరైనా అంటే, నోటి పరీక్ష, తంబాకు మాటల వరకు సరే. వీఐఏ వద్దు. ఎక్కడెక్కడి నుంచో వచ్చినామెకు మచ్చ ఉందని చెప్పి పంపితే తర్వాత ఆమెను వెతికేదెవరు?

---

వాగుగడ్డ

జనవరి మానుకున్నాం. మిర్చి, తునికాకు, నాట్లు అన్నీ అయ్యాక నాలుగు మంగళవారాలు, వారానికి 30 మంది, మొదటి విడత 120 మంది. టీకా విషయం సెలవుల దాకా ఆపాం. తోడు వెళ్లడానికి భజన మండలి నుంచి నలుగురు, చర్చి స్త్రీల సమాజం నుంచి ఐదుగురు, మసీదు వైపు నుంచి ఇద్దరు పేర్లిచ్చారు.

---

ఓరుగల్లు సిస్టర్

బాగుంది. ఒక్క మార్పు చేయండి. నాలుగో మంగళవారానికి కొత్త పేర్లు రాయొద్దు. నెలసరి వల్ల వాయిదా పడ్డవాళ్లు, ఇన్ఫెక్షన్ ఎక్కువగా ఉండి మందులిచ్చి మళ్లీ రమ్మన్నవాళ్లు, పేరిచ్చి భయపడి రానివాళ్లు కలిపి ఆ రోజు నిండిపోతుంది. మొదటి విడత 90 అనుకోండి. తోడు పేర్లిచ్చిన 11 మందిలో 30 దాటినవాళ్లంతా మొదటి మంగళవారమే పరీక్ష చేయించుకోవాలి, ఆ మంచం మీద ఎట్లా ఉంటుందో తెలిసిన మనిషే పక్కామెకు ధైర్యం చెప్పగలదు.